కౌలు సున్నా ఎట్లయితది మేడం?

మొన్న నాగర్‌కర్నూల్ బస్టాండులో నా పాత విద్యార్థిని ఒకామె కలిసింది. ఇప్పుడు తనూ డిగ్రీ కాలేజీలో లెక్చరర్. బీకాం మొదటి సంవత్సరం వాళ్లకు బిజినెస్ మ్యాథ్స్ చెప్పమన్నారట. అందులో సగం కలనగణితం, అదే కాలిక్యులస్. "పిల్లలు ఇంటర్ల మ్యాథ్స్ చదవలే మేడం. మొదటి రోజు వాళ్లకు ఏం చెప్పాలె, ఏం నియమాలు పెట్టాలె?" అని అడిగింది. నేను నోరు తెరిచి రెండు మాటలు చెప్పేలోపు ఆమె బస్సు వచ్చింది. మిగిలిన జవాబు ఇది. ఆమెకే కాదు, ఈ పనిలోకి కొత్తగా వచ్చే అందరికీ.

నేను వనపర్తిలో మొదలుపెట్టి, గద్వాలలో ఎక్కువ కాలం చెప్పి, నాగర్‌కర్నూల్‌లో రిటైరయ్యాను. ఏ ఏడు ఏ స్కేలు వచ్చింది, ఎవరు నన్ను దాటుకుని పోయారు అనే సంగతులు నాకే విసుగు. వాటిని వదిలేస్తున్నాను. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. ఈ సబ్జెక్టు ముందు ఆశ్చర్యంతో నోరు తెరుచుకుని నిలబడే అలవాటు నాకు చివరి క్లాసు దాకా పోలేదు. మీకు ఆ అలవాటు లేకపోతే పిల్లలకు పద్ధతులు వస్తాయి కానీ లెక్క రాదు.

రూల్స్ చదివిన సారు

వనపర్తిలో మా డిపార్టుమెంటు పెద్ద ఒకాయన ఉండేవారు. ఎలా చెప్పాలో చూసి నేర్చుకొమ్మని మొదటి రోజు నన్ను తన క్లాసులో వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఆయన కాగితం తీసి నియమాలు చదవడం మొదలుపెట్టారు. ఆలస్యంగా వస్తే లోపలికి రానియ్యను. మాటలు వినబడితే ప్రిన్సిపాల్ గదికి. పరీక్ష తప్పితే మళ్లీ పెట్టను. హోంవర్కు లేకుంటే నిలబడాలి. అలా గంటంతా చదివారు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నా పక్కన కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా లేచి, "సార్, మరి లెక్కలు గూడ చెప్తరా?" అంది.

ఆయనకు కోపం వచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకున్నాను. కానీ ఆ అమ్మాయి అడిగిన మాట నా ఉద్యోగమంతా నా వెంట వచ్చింది. నియమాలు అవసరమే. అవి లేని క్లాసు సంత అవుతుంది. అయితే వాటిని కాసేపట్లో ముగించి, మొదటి రోజే లెక్కలో ఒక వింత చూపించండి. పిల్లలు మరుసటి రోజు వచ్చేది ఆ వింత కోసం.

నేను చూపించింది బస్సు. వనపర్తి నుంచి గద్వాలకు వచ్చే బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ మీది బ్రిడ్జి ఎక్కుతుంది కదా, సరిగ్గా బ్రిడ్జి నడిమధ్యన ఉన్న ఆ ఒక్క క్షణంలో దాని వేగమెంత అని అడిగేదాన్ని. వేగమంటే పోయిన దూరాన్ని పట్టిన కాలంతో భాగించాలి. ఒక్క క్షణంలో బస్సు ఎంత దూరం పోయింది? ఏమీ పోలేదు. ఎంత సమయం పట్టింది? ఏమీ పట్టలేదు. అయినా డ్రైవరు ముందున్న ముల్లు ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంతవరకు చెప్పి మాట్లాడకుండా ఉండేదాన్ని. ఇంటర్‌లో లెక్కలు వదిలేసి హమ్మయ్య అనుకున్న పిల్లలు ఆ కాసేపు కదలకుండా కూర్చునేవారు. ప్రతి ఏడూ అదే ప్రశ్న, ప్రతి ఏడూ నా ఒంటి మీద రోమాలు లేచి నిలబడేవి.

నా నియమాలు

నా నియమాలు తక్కువ. కొట్లో దొరికే మామూలు కాలిక్యులేటర్ తెచ్చుకోవచ్చు, ఫోను వద్దు. జవాబు ఒక్కటే రాస్తే మార్కు లేదు, దారి కనబడాలి. పరీక్ష తప్పితే ఇంకోసారి పెడతాను, కారణం అడగను. కారణాలు అడిగితే పిల్లలకు అబద్ధాలు నేర్పినట్టవుతుంది.

తర్వాతి నియమం మీద నా తోటివాళ్లు నన్ను చాలా ఆటపట్టించారు. నా క్లాసులో ఎవరైనా లేచి "తెల్వదు" అనవచ్చు. కానీ అక్కడితో ఆగకూడదు. ఎక్కడి దాకా తెలుసో అక్కడి దాకా చెప్పాలి. అలా చెప్పినవాళ్లకు ఒక మార్కు. "తెలియనందుకు మార్కులిచ్చే మేడం" అని స్టాఫ్‌రూములో నాకు పేరు పడింది. పడనీ అనుకున్నాను.

వనపర్తిలో ఉన్నప్పుడు, లింగాల నుంచి వచ్చి చదువుకునే ఒక అబ్బాయి వారాల తరబడి తెల్వదనే అన్నాడు. లిమిట్ చెప్పిన రోజు మాత్రం లేచి, "ఈడిదాంక తెలుసు మేడం. దగ్గరికి పోతనే ఉంటం, ముట్టుకోం. అయినా ఏడికి పోతున్నమో తెల్సిపోతది" అన్నాడు. అని, తను చెప్పింది చాలదేమోనని భయంగా నా ముఖంలోకి చూశాడు. పుస్తకంలో అరపేజీ తీసుకునే నిర్వచనం అది. ఆ మాటల్నే బోర్డు మీద రాశాను.

ఇక కాపీ గురించి. సరైన జవాబు అందరిదీ ఒకటే ఉంటుంది, దానితో ఏమీ తేలదు. తప్పులు మాత్రం ఎవరివి వాళ్లవే. ఒకే చోట ఒకే తప్పు ఉన్న పేపర్లు దొరికితే అందరికీ సున్నా, విషయం ప్రిన్సిపాల్‌కు చెబుతాను. ఇది మొదటి రోజే చెప్పేదాన్ని, చెప్పినట్టే చేసేదాన్ని. గద్వాలలో ఒక ఏడు ఈ నియమమే నన్ను గట్టిగా పరీక్షించింది.

ఒకే తప్పు

ఇంటర్నల్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఒక ప్రశ్నలో సరుకు తయారీకయ్యే ఖర్చు 2x² + 30x + 800 అని ఇచ్చాను. x అంటే ఎంత సరుకు చేస్తున్నామో అది. ఉత్పత్తి పెంచుతూ పోతే ఖర్చు ఏ రేటున మారుతుందో కనుక్కోవాలి. జవాబు 4x + 30. చివరనున్న 800 మారని అంకె, డెరివేటివ్ తీస్తే అది సున్నా అయి పోవాలి. ఆ పాఠం క్లాసులో ప్రత్యేకంగా చెప్పాను.

ఐదు పేపర్లలో 4x + 30 + 800 అని ఉంది. మిగతా లెక్కంతా తప్పు లేకుండా చేసి, ఆ ఒక్క అంకెను మాత్రం ఐదుగురూ అలాగే ఉంచేశారు. పేర్లు చూశాను. ఐదుగురూ ఒకే ఊరి ఆడపిల్లలు. గద్వాల నుంచి గంట ప్రయాణం ఆ ఊరు. హాజరు కూడా బాగా తక్కువ. ఒక్కొక్కరు వారానికి ఒక రోజు కనబడితే గొప్ప.

నాకు అంతుపట్టని సంగతి ఇంకొకటి ఉంది. ఒక ఊరి పిల్లల్ని నేను పక్కపక్కన కూర్చోనివ్వను. ఈ ఐదుగురూ గదిలో తలా ఒక మూల కూర్చుని రాశారు. ఎలా చేశారు? అయినా నా నియమం నేను తప్పలేను. పేపర్లు తీసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన రాజనీతి శాస్త్రం చెప్పి ప్రిన్సిపాల్ అయిన మనిషి. నిజాయితీపరుడు. కాపీ అంటే ఒళ్లు మండేది. పేపర్లు వరుసగా పెట్టుకుని చూసి, "ఇంక విచారణ ఏముంది మేడం? మాల్‌ప్రాక్టీస్ రాద్దాం. వీళ్ల హాజరు లోటు నేను మాఫీ చెయ్యాలని అర్జీలు కూడా పెట్టుకున్నరు. కాపీ కొట్టేటోళ్లకు నేను సంతకం పెట్టను" అన్నారు.

సంతకం లేకపోతే హాల్‌టికెట్ రాదు. సెమిస్టర్ పోతుంది. నేను ఐదుగురినీ ఆయన గదికే పిలిపించి ఆ మాట చెప్పాను. వాళ్లలో పెద్దరికం తీసుకుని మాట్లాడేది సుజాత. ఆమె తల దించలేదు.

"కాపీ కొట్టలే మేడం. సెమిస్టర్ పోతె మాత్రం మా ఇంట్ల మల్ల పంపరు. మూడేండ్లంటే మూడేండ్లే అని ఒప్పుకున్నరు. వీండ్ల ఇండ్లల్ల గూడ గంతే."

"మరి ఐదుగురికీ ఒకే తప్పు ఎట్ల వచ్చింది?"

"అది మేం అందరం కలిసి తేల్చిన జవాబు మేడం. చేన్ల."

బదలు

గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఇది దూది కోసం వేసే పత్తి కాదు, విత్తనం కోసం వేసేది. మధ్యాహ్నం పూట మొగ్గల్లోంచి మగభాగాన్ని గోటితో తీసేస్తారు. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దాని మీద రాస్తారు. దీన్నే క్రాసింగ్ అంటారు. ప్రతి మొగ్గకూ మనిషి చెయ్యి తగలాలి. ఆ పూట దాటితే ఆ పువ్వు పనికిరాదు. సీజన్‌లో కూలికి మనుషులు దొరకరు, అందరికీ తమ చేలలోనే పని. అందుకని ఇవాళ నీ చేలో నేను చేస్తాను, రేపు నా చేలో నువ్వు చెయ్యి అని ఒప్పుకుంటారు. దీన్ని బదలు అంటారు.

సుజాత అంతా విడమరిచి చెబుతుంటే ప్రిన్సిపాల్ గారు పెన్ను మూత పెట్టారు.

"దినాం ఒకరు కాలేజీకొస్తరు సార్. ఆమె సాళ్లు మిగిలిన నలుగురం చేస్తం. కాలేజీకి పోయినామె తెల్లారి చేన్ల మాకు పాఠం చెప్పాలె. అదే బదలు. అన్ని సబ్జెక్టులు గట్లనే చెప్పుకుంటున్నం."

"చేలో బోర్డు ఎక్కడిది?" అన్నాను.

"బోర్డు లేదు మేడం. చేతులు ఖాళీ ఉండయి గద. నోటితోనే."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. డెరివేటివ్‌ను బోర్డు లేకుండా, కాగితం లేకుండా, చేతులు పువ్వుల మీద ఉండగా ఒక సాలు నుంచి పక్క సాలుకు నోటితో చెప్పుకోవడం! నాకు ఎం.ఎస్‌సి. పట్టా ఉంది. ఆ పని నేను చేయగలనని ఇప్పటికీ అనుకోను. నా పాఠం నాకు తెలియకుండా ఒక పత్తిచేలో రోజూ నడుస్తోంది.

"మరి 800 సంగతేంది?" అని ప్రిన్సిపాల్ గారు వదలకుండా అడిగారు.

సుజాత షబానా వైపు చూసింది. షబానా నాన్నకు గద్వాలలో సైకిల్ రిపేరు కొట్టు ఉండేది. అది సాగక ఊరికి వెళ్లి పొలం కౌలుకు పట్టాడు.

"ఆ పాఠం నాడు నేనొచ్చిన సార్" అంది షబానా. "ఒంటిగ ఉన్న అంకె సున్నా అయితదని మేడం చెప్పిండ్రు. నేను గట్లనే చెప్పిన. వీండ్లు ఒప్పుకోలె. ఒంటిగ ఉండేది కౌలు లెక్క గద, పంట పండినా ఎండినా కట్టాలె, సున్నా ఎట్లయితదని కొట్లాడిండ్రు. మాది గూడ కౌలు చేనే. నాకు గూడ వీండ్లు చెప్పిందే నిజమనిపిచ్చింది."

"మేడం, మీరే చెప్పుండ్రి" అని సుజాత నా వైపు తిరిగింది. ఆ పిల్లకు అప్పుడు హాల్‌టికెట్ కూడా గుర్తున్నట్టు లేదు. "కౌలు సున్నా ఎట్లయితది మేడం?"

ప్రిన్సిపాల్ గదిలో

ప్రిన్సిపాల్ గారు కథలకు లొంగే మనిషి కాదు. అది తప్పు కూడా కాదు, రోజుకు పది కథలు వింటారు. ఒక్కొక్కరినీ విడిగా అడుగుదాం, నిజంగా నేర్చుకున్నవాళ్లయితే తెలిసిపోతుంది అన్నారు. ఒకరు లోపల ఉంటే మిగిలినవాళ్లు వరండాలో కూర్చోవాలి. బయటికొచ్చినవాళ్లు ఒక్క మాట మాట్లాడకూడదు. నన్ను కూడా జవాబు చెప్పొద్దన్నారు. గదిలో మీటింగుల కోసం పెట్టిన చిన్న బోర్డు ఉంది. దాని మీద ఆ లెక్క రాశాను.

మొదట సుజాత. "నీకు ఎక్కడి దాకా తెలుసో అక్కడి దాకా చెప్పు" అన్నాను.

ఆమె సుద్దముక్క పట్టుకుని మొదటి రెండు మెట్లూ సరిగ్గా చేసింది. 800 దగ్గర ఆగింది. ప్రశ్న మళ్లీ చదవమన్నాను. చదివింది.

"ఖర్చెంతని అడుగుతలేరు. ఎట్ల మారుతదని అడుగుతున్నరు" అని తనలో తను అనుకుంది. "ఇంక రెండు సాళ్లు ఎక్కువేస్తె మందు పెరుగుతది. కూలి పెరుగుతది. కౌలు..." అని ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారు ఏదో అనబోతే నేను చెయ్యెత్తి ఆపాను. పై అధికారిని అలా ఆపడం అదే మొదలు.

"కౌలు గంతే ఉంటది" అంది సుజాత. ఇటు తిరిగేసరికి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "కౌలు సున్నా గాదు మేడం! కౌలు పెరుగుడు సున్నా!"

డస్టర్ పక్కనే ఉన్నా వాడలేదు. అరచేత్తో ఆ 800ను తుడిచేసింది.

ఉద్యోగంలో నేను చూసిన గొప్ప దృశ్యం ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను. ఆ క్షణంలో ఒక మనిషికి, ఉండటం వేరు మారడం వేరు అని అర్థమైంది. కలనగణితం మొత్తం ఆ రెండింటి మధ్యనే ఉంది.

సుజాత పెదాలు బిగపట్టుకుని బయటికి వెళ్లి, మిగిలినవాళ్లకు వీపు పెట్టి కూర్చుంది. తర్వాత షబానా వచ్చింది. ఆమె సుజాత దారిలో పోలేదు. బోర్డు మీద పైకి వంగి ఎక్కే గీత ఒకటి గీసింది. దాని మీదుగా అచ్చం అలాంటిదే ఇంకొకటి గీసి, వేలితో రెండింటి వెంబడీ నడిచింది. "గీతను ఎత్తి పైన పెట్టిన, గంతే. వాలు ఏం మారలె. అరే, వాలు మారకపోతె 800 ఉంచుడెందుకు?" అని తనను తానే కోప్పడింది. మూడో అమ్మాయి నా బస్సునే పట్టుకుంది. వనపర్తి నుంచి దూరం కొలిచినా, బీచుపల్లి నుంచి కొలిచినా బ్రిడ్జి మీద బస్సు వేగం ఒకటే కదా అంది. ఒకే తప్పు రాసిన ముగ్గురు మూడు వేరువేరు దారుల్లో బయటపడ్డారు. అందులో రెండు దారులు నేను ఆ పాఠంలో చెప్పనివి.

నాలుగో అమ్మాయి భయస్తురాలు. ఖర్చు మారే రేటు దాకా వచ్చి, "గీడిదాంక తెలుసు మేడం. దీని తర్వాత తెల్వదు" అని ఆగింది. నేను ఎదురుచూస్తున్నాను. ఆమె 800 వైపు చూస్తోంది.

"అమ్మా, కౌలు మారది గదా!"

ఆ మాట అన్నది ప్రిన్సిపాల్ గారు. కుర్చీలోంచి సగం లేచి, చెయ్యి బోర్డు వైపు చాపి ఉన్నారు. ఆ అమ్మాయి ఉలిక్కిపడి చూసింది, తర్వాత "ఓ!" అని గబగబా 800 కొట్టేసింది. ప్రిన్సిపాల్ గారికి తను చేసిన పని అప్పుడు తెలిసింది. కాపీ మీద విచారణ చేస్తూ ఆయనే జవాబు అందించారు. మెల్లగా కూర్చుని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఐదో అమ్మాయిని పిలవలేదు. ఐదు అర్జీలూ దగ్గరికి తీసుకుని, ఒకదాని తర్వాత ఒకదాని మీద సంతకం పెట్టారు. నేను పేపర్లు సర్దుకుని లేస్తుంటే, "మేడం" అని చిన్నగా పిలిచారు.

"నేను చెప్పింది కరెక్టేనా?"

సర్వీసంతా ఓట్ల గురించీ సభల గురించీ చెప్పిన పెద్దమనిషి. లెక్కలంటే పదో తరగతిలోనే దండం పెట్టేశానని అందరి ముందూ చెప్పుకునేవారు. ఆయన ముఖంలో ఆ నిమిషాన లింగాల పిల్లవాడి ముఖం కనబడింది. "కరెక్టే సార్" అన్నాను. ఆయన చాలా సంతోషించారు.

మెల్లగా

ఆ తప్పుకు మార్కు తీసేశాను. తప్పు తప్పే. కానీ సున్నాలు వేయలేదు. కాపీ నియమంలో ఆ రోజే ఒక మాట చేర్చాను. ఒకే తప్పు ఉన్న పేపర్లు దొరికితే ముందు వాళ్లను బోర్డు దగ్గరికి పిలుస్తాను. మీరు కూడా అలా చెయ్యండి. కొందరు నిజంగానే కాపీ కొట్టి ఉంటారు, వాళ్లు సుద్దముక్క పట్టుకోగానే తెలిసిపోతుంది. కానీ తప్పును కూడా వాదించి, కలిసి తేల్చుకునేవాళ్లు ఎప్పుడైనా తగలవచ్చు. వాళ్లను పోగొట్టుకుంటే మనం చెప్పే చదువు ఎందుకు?

నేను వరండాలోకి వచ్చి, అయిపోయింది, సంతకాలు పెట్టారు, ఇక మాట్లాడుకోవచ్చు అన్నాను. ఆ పిల్లలు ముందు అడిగింది సంతకాల గురించి కాదు. "నీకెట్ల తట్టింది?", "ఏ, నువ్వు గీత గీసినవా?" అని ఒకరి మీద ఒకరు పడి అడుగుతున్నారు. లోపలికి రాని ఐదో అమ్మాయి, "నాకు చెప్పకుండ్రి, నాకు చెప్పకుండ్రి, నేనే తేలుస్త" అని చెవులు మూసుకుంది. నేను గోడకు ఆనుకుని వాళ్లను చూస్తూ ఉండిపోయాను. నాకు కన్నీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.

వాళ్ల బస్సు టైమయింది. మెట్ల దాకా పోయిన సుజాత ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

"మేడం, రేపు నా వంతు గాదు. షబానా వస్తది" అంది. "జర మెల్లగ చెప్పుండ్రి. ఆమె మల్ల నలుగురికి చెప్పాలె."

మర్నాడు షబానా మొదటి బెంచీలో కూర్చుంది. నేను మెల్లగా చెప్పాను.